పక్కింటి వాకిలి, మనింటి కుక్క



మన ఊళ్లలో ఏ కాలనీలోకి వెళ్లినా కొన్ని ఇళ్ల గేట్లకు రంగునీళ్లు నింపిన సీసాలు వేలాడుతూ కనిపిస్తాయి. కొందరు నీలిమందు కలుపుతారు, కొందరు ఎర్రరంగు కలుపుతారు. ఆ రంగు చూస్తే కుక్కలు దగ్గరకు రావనీ, గేటు ముందు పాడుచేయవనీ నమ్మకం. నిజానికి కుక్క కంటికి నీలం, పసుపు బాగానే తెలుస్తాయి. ఎరుపు మాత్రం మసక గోధుమరంగులా కనిపిస్తుంది. ఏ రంగైనా సరే, సీసాలో నీళ్లను చూసి బెదరడానికి దానికి కారణమేమీ లేదు. అది చోటు ఎంచుకునేది ముక్కుతో. నిన్న తానో, మరో కుక్కో తడిపిన వాసన అక్కడ మిగిలి ఉంటే ఆ సీసా పక్కనే కాలెత్తుతుంది.

అయినా ఆ సీసాలను చూసి నవ్వడానికి నాకు మనసొప్పదు. పొద్దున్నే తలుపు తీయగానే ఎవరి కుక్కదో తెలియని మలాన్ని ఎత్తిపోసి ఎత్తిపోసి విసిగిపోయిన ఇల్లాలు, ఎవరితోనూ గొడవ పెట్టుకోలేక ఆ సీసా కట్టింది. ఆమె చెప్పదలచుకున్నదంతా గొలుసు పట్టుకుని ఆ దారిన వెళ్లే మనిషికే.

ఈ రోజు నేను మాట్లాడేదీ ఆ మనిషితోనే. వీధికుక్కల సంగతి వేరు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఉత్తర్వులతో దేశమంతా చర్చించుకున్న పెద్ద సమస్య అది. దానికి మున్సిపాలిటీలు కదలాలి, సంతానం కలగకుండా ఆపరేషన్లు జరగాలి, టీకాలు పడాలి. మెడలో బెల్టు ఉన్న కుక్క విషయంలో ఇంత యంత్రాంగం అక్కర్లేదు. గొలుసుకు ఇవతలి కొసన ఒక మనిషి ఉన్నాడు. ఆయనకు చదువుంది, ఇల్లుంది, ఆ ఇంటికీ ఒక వాకిలి ఉంది. మా ఇంట్లోనూ కుక్క ఉంది కాబట్టి, ఇవి కుక్కలంటే గిట్టనివాళ్ల మాటలని అనుకోవద్దని ముందే మనవి చేస్తున్నాను.

తెలుగువాళ్లకు వాకిలి అంటే ఏమిటో కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. ఇల్లు ఎంత చిన్నదైనా, అద్దెదైనా, గడప ముందున్న నాలుగడుగుల నేలను ఇంట్లో భాగంగానే చూస్తాం. కోస్తాలో కల్లాపి అంటారు, తెలంగాణలో సాన్పు అంటారు, చల్లే నీళ్లు అవే. సిమెంటు రోడ్లు వచ్చాక పేడ తగ్గింది కానీ నీళ్లు చల్లి, ఊడ్చి, ముగ్గు పెట్టడం ఇంకా మిగిలే ఉంది. ధనుర్మాసంలో అయితే ఆడవాళ్లు తెల్లవారుజామున నాలుగున్నరకే బయటికి వస్తారు. చలిలో నడుం వంచి, చుక్కలు పెట్టి, రంగులు నింపి, మధ్యలో గొబ్బెమ్మ పెట్టి గుమ్మడిపువ్వు గుచ్చుతారు. గంట పట్టే పని అది. ఆ గంట తర్వాత ఎవరో షికారుకు తెచ్చిన కుక్క ముగ్గు అంచున కూర్చుంటే, గొలుసు పట్టుకున్న ఆయన ఫోన్ చూసుకుంటూ నిలబడి, పనయ్యాక దాన్ని లాక్కుని వెళ్లిపోతే ఆ ఇంట్లోవాళ్లకు ఎలా ఉంటుంది? పాడైంది ముగ్గే కావచ్చు. కానీ తమ వాకిలికి, తమ శ్రమకు ఎదుటి మనిషి దగ్గర ఏ విలువా లేదన్న సంగతి వాళ్లకు ఆ క్షణంలో తెలిసిపోతుంది. ఏళ్ల తరబడి ఇరుగుపొరుగు మాటలు ఆగిపోవడానికి ఇంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు.

తర్వాత జరిగేది చూడండి. ఆ మలం దానంతటది మాయమైపోదు. ఎవరో ఒకరు ఎత్తాలి. ఆ ఇంటి ఇల్లాలు ఎత్తుతుంది, లేదంటే పనికి వచ్చే అమ్మాయి ఎత్తుతుంది. రోడ్డు మీదైతే మున్సిపాలిటీ తరఫున ఊడ్చే కార్మికురాలు ఎత్తుతుంది. హైదరాబాదులోనో విజయవాడలోనో ఆరు గంటలకు బయటికి వస్తే ఆమె కనిపిస్తుంది. పొడుగుకర్ర చీపురు, రేకు చేట, తోపుడుబండి. చేతికి గ్లౌజులు ఒక్కోరోజు ఉంటాయి, ఒక్కోరోజు ఉండవు. ఎండుటాకుల కుప్పలో అది కలిసిపోయి ఉంటుంది. చేటలోకి తోసేటప్పుడు చీపురు పుల్లలకు పట్టుకుంటుంది, ఆ చీపురుతోనే ఆమె మిగతా వీధంతా ఊడవాలి. కుక్కను ముద్దు చేసేది ఒకరు, దాని మలం ఎత్తేది ఇంకొకరు. ఆ ఇంకొకరు చాలాసార్లు మనకంటే తక్కువ సంపాదించే మనిషి, మనల్ని ఎదురడగలేని మనిషి. నాకు ఈ వ్యవహారంలో అన్నిటికన్నా అన్యాయంగా తోచేది ఇదే. మర్యాద, పరిశుభ్రత అన్న మాటలు దీని తర్వాతే.

"మట్టిలో కలిసిపోతుందిలెండి, ఎరువే కదా" అని కొందరంటారు. చదువుకున్నవాళ్లే అంటారు. పేడతో అలికిన నేల మీద పెరిగినవాళ్లం కాబట్టి మనకు ఆ మాట సబబుగానే వినిపిస్తుంది. కానీ ఆవు గడ్డి తింటుంది. కుక్క మాంసం, గుడ్లు, దుకాణంలో కొన్న మాంసకృత్తుల మేత తింటుంది. దాని కడుపులో ఉండే పురుగులు, క్రిములు వేరు. అందుకే కుక్క మలాన్ని కూరగాయల మడిలో ఎరువుగా వేయకూడదు. కుక్క పేగుల్లో టాక్సోకారా అనే ఒక రకం ఏలికపాము ఉంటుంది. కూనల్లో మరీ ఎక్కువ, చాలా కూనలకు తల్లి కడుపులో ఉండగానే సోకుతుంది. దాని గుడ్లు మలంతో బయటికి వస్తాయి. కంటికి కనిపించవు. నేలలో నెలలపాటు, ఒక్కోచోట ఏళ్లపాటు బతికి ఉంటాయి. మట్టిలో ఆడుకున్న పిల్లలు చేతులు కడుక్కోకుండా నోట్లో పెట్టుకుంటే అవి కడుపులోకి చేరతాయి. పొదిగిన పిల్లపురుగులు ఒంట్లో తిరుగుతూ కాలేయానికో, ఊపిరితిత్తులకో, అరుదుగా కంటికో చేరతాయి. కంటికి చేరితే చూపు దెబ్బతినవచ్చు.

ఇందులో మనకు కలిసివచ్చే సంగతి ఒకటుంది. అప్పుడే పడిన మలంలోని ఆ గుడ్లు వెంటనే సోకవు. సోకే స్థితికి రావడానికి వాటికి సాధారణంగా రెండు వారాలో, అంతకంటే ఎక్కువో పడుతుంది. అంటే పడిన వెంటనే ఎత్తేస్తే ఆ ప్రమాదం అక్కడే ఆగిపోతుంది. ఎండకు ఎండనిచ్చి, వానకు కరగనిచ్చి, పది కాళ్లు తొక్కనిస్తే గుడ్లు నేలలోకి దిగిపోతాయి, తర్వాత ఎవరూ వాటిని ఏరలేరు. కుక్క మలంతోనే వచ్చే కొంకిపురుగుల సంగతి ఇంకా తొందర. మన వేడికి, తడినేలకు కొద్దిరోజుల్లోనే వాటి పిల్లపురుగులు బయటికొచ్చి వట్టికాళ్లతో నడిచేవాళ్ల చర్మంలోకి దూరుతాయి. చర్మం కింద ఎర్రటి వంకరగీతలా పాకుతూ విపరీతమైన దురద పెడతాయి. ఇంటి పక్క ఖాళీ స్థలం ఉంది కదా అని రోజూ కుక్కను అక్కడికే తోలుకెళ్లేవాళ్లు, సాయంత్రం అదే స్థలంలో చెప్పులు విడిచి క్రికెట్ ఆడే పిల్లల్ని ఒకసారి చూడాలి.

కుక్కలకూ ముప్పే. పార్వో వచ్చిన కుక్క మలంలో ఆ వైరస్ కోట్ల సంఖ్యలో ఉంటుంది. అది నేలలో నెలల తరబడి చావదు. టీకాలు పూర్తికాని కూన ఆ చోట వాసన చూస్తే చాలు. రక్తవిరేచనాలతో రెండు మూడు రోజుల్లో పోయిన కూనల గురించి పశువైద్యుల్ని అడిగితే చెబుతారు. కాబట్టి కూనలకు పన్నెండు వారాల వయసు వచ్చేదాకా రెండు వారాలకొకసారి, పెద్దవాటికి సాధారణంగా మూడు నెలలకొకసారి పురుగుల మందు వేయించడం, ఏటేటా టీకాలు వేయించడం మన కుక్క కోసమూ, పక్కింటి పిల్లల కోసమూ చేయాల్సిన పని. హైదరాబాదు నగరపాలక సంస్థ పరిధిలో పెంపుడు కుక్కను రిజిస్టర్ చేయించాలి. దానికి రేబిస్ టీకా వేయించిన పత్రం అడుగుతారు.

చట్టం ఏమంటోందని అడిగేవాళ్లున్నారు. భారత జంతు సంక్షేమ మండలి 2015లో పెంపుడు కుక్కల విషయంలో నివాస సంఘాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు కుక్కల్ని పెంచవద్దని నిషేధించలేవు, లిఫ్టు ఎక్కనివ్వబోమని అనలేవు, మలం ఎత్తలేదని సొంతంగా జరిమానాలు వేయలేవు అని అందులో ఉంది. అదే పత్రం యజమానులు తమ కుక్కల మలాన్ని తామే శుభ్రం చేయాలని సలహా కూడా ఇచ్చింది, అలా చేయమని సంఘాలు వాళ్లను కోరవచ్చని చెప్పింది. మన కుక్కల యజమానుల్లో చాలామందికి మొదటి భాగం కంఠతా వస్తుంది. సమావేశంలో కాగితం చూపించి మరీ చదువుతారు. రెండో భాగం దగ్గరికి వచ్చేసరికి కాగితం మడిచి జేబులో పెట్టుకుంటారు. హక్కు ఉన్న పత్రంలోనే బాధ్యత కూడా ఉన్నప్పుడు రెండూ కలిపే చదవాలి. జరిమానా వేయలేరు కదా అన్న ధీమాతో పొరుగువాళ్లను బాధపెట్టడం పెద్దరికం కాదు.

ఇతర దేశాలు ఈ దారి దాటే వచ్చాయి. న్యూయార్క్‌లో 1978 ఆగస్టు 1 నుంచి, కుక్క మలాన్ని యజమానే ఎత్తాలన్న చట్టం అమలులోకి వచ్చింది. అప్పట్లో అక్కడి కుక్కల యజమానులు చాలామంది వ్యతిరేకించారు. ఇలాగైతే జనం కుక్కల్ని వదిలేస్తారని వాదించారు. కానీ జనం కుక్కలు పెంచడం మానలేదు, ఎత్తడం నేర్చుకున్నారు. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన మన తల్లిదండ్రులు చూసే ఉంటారు. గొలుసుకు చిన్న డబ్బా, అందులో సంచుల చుట్ట. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో మన అబ్బాయే, మన అమ్మాయే వంగి ఎత్తుతుంటారు. అక్కడ తప్పని పని ఇక్కడ తలవంపులు ఎందుకవుతుంది?

స్పెయిన్‌లో మాడ్రిడ్ దగ్గర బ్రునెతే అనే చిన్న ఊళ్లో 2013లో ఇంకో పద్ధతి ప్రయత్నించారు. ఎత్తకుండా వెళ్లిపోతున్న యజమానిని కార్యకర్తలు పలకరించి, మాటల్లో కుక్క పేరు తెలుసుకుని, పెంపుడు కుక్కల రిజిస్టర్లో చిరునామా వెతికి, ఆ మలాన్ని పెట్టెలో పెట్టి 'పోగొట్టుకున్న వస్తువు' అని రాసి ఇంటికి పంపారు. వీధులు బాగా శుభ్రపడ్డాయని ఆ ఊరి పాలకులు ప్రకటించారు. అలాంటిది మన దగ్గర వద్దని నా అభిప్రాయం. పరువు తీసిన చోట మనిషి మారడు, పగ పెంచుకుంటాడు. అయితే ఆ ఉపాయానికి పునాది కుక్కలన్నీ రిజిస్టర్లో ఉండటమే. ఆ పాటి లెక్క మన మున్సిపాలిటీల దగ్గరా ఉంటే బాగుంటుంది.

ఇక ఎత్తడం ఎలాగో చెబుతాను, ఎందుకంటే చాలామంది వెనకాడేది ఇక్కడే. కుక్క ఊరికే కూర్చోదు, ముందే చెబుతుంది. నడక ఆపి, ముక్కు నేలకు ఆనించి, గుండ్రంగా ఒకటి రెండు సార్లు తిరుగుతుంది. తర్వాత వీపు వంచుతుంది. ఆ తిరగడం మొదలుపెట్టగానే గేట్ల ముందునుంచి గొలుసు సుతారంగా లాగి పక్కకు తీసుకెళ్లవచ్చు. చేతిలో పాత దినపత్రిక ఉంటే వీపు వంచగానే కిందికి జార్చవచ్చు, నేలకు అంటనే అంటదు. లేదా ఒక సంచిని చేతికి తొడుగులా వేసుకుని, మలాన్ని దాంతోనే పట్టుకుని, సంచిని వెనక్కి తిరగదీస్తే మలం లోపలికి వెళ్లిపోతుంది. మూతి ముడివేస్తే సరి. చేతికి ఏమీ అంటదు. అర నిమిషం పట్టదు. నేల మీద మరక మిగిలితే వెంట తెచ్చుకున్న సీసాలో నీళ్లు పోయాలి. ఇంటికి వచ్చాక మలాన్ని మన మరుగుదొడ్డిలోనే వేసి నీళ్లు కొట్టి, కాగితమో సంచో విడిగా చుట్టి చెత్తలో వేయాలి. మలాన్ని వాననీటి కాలువలోకి విసరొద్దు. తడిచెత్త బుట్టలో అసలే కలపొద్దు, ఆ చెత్తను ఎరువుకు పంపుతారు, చెత్త ఆటో దగ్గర చాలాచోట్ల చేతులతోనే వేరుచేస్తారు. మళ్లీ అవే చేతుల దగ్గరికి వస్తున్నాం, గమనించారా?

దీనికన్నా మంచి ఉపాయం, కుక్కకు ఆ పని ఇంటి దగ్గరే అలవాటు చేయడం. కుక్కకు తిండి తిన్న కాసేపటికి, నిద్ర లేచిన వెంటనే ఆ అవసరం వస్తుంది. పెరట్లో ఒక మూల, పెరడు లేకపోతే బాల్కనీలో ఇసుక పోసిన పళ్లెం పెట్టి, ఆ సమయానికి రోజూ అక్కడికే తీసుకెళ్లి, పని కాగానే మెచ్చుకుని చిన్న ముక్క ఏదైనా పెడితే, కొన్ని వారాల్లో తనే అక్కడికి వెళుతుంది. ఆ తర్వాత షికారు షికారులాగే సాగుతుంది. నోరులేని జీవం ఇంత త్వరగా నేర్చుకుంటుంటే మనకు తీరిక లేదనడం సరికాదు.

మలం సంగతి చాలామంది ఒప్పుకుంటారు కానీ మూత్రాన్ని లెక్కచేయరు. మగకుక్క అడుగడుగునా కాలెత్తుతుంది, దాని స్వభావం అది. కానీ ఏ స్తంభం దగ్గర ఎత్తనివ్వాలన్నది మన చేతిలో ఉంది. పక్కింటాయన కారు చక్రం, స్కూటరు, గేటు స్తంభం, గోడవార తులసికోట, ఇవి దాని హద్దురాళ్లు కాకూడదు. ఒకచోట అలవాటైతే వీధిలోని ప్రతి కుక్కా అక్కడే తడుపుతుంది. వాన కాలంలో ఇంకో భయం కూడా ఉంది. టీకా లేని కుక్కల మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు క్రిములు నిలవనీళ్లలోకి చేరి మనుషులకు సోకవచ్చు. ఇళ్ల ముందు నుంచి వెళ్లేటప్పుడు గొలుసు కురచగా పట్టుకుని, కుక్కను రోడ్డు వైపు నడిపిస్తే చాలావరకు ఈ గొడవ ఉండదు.

వీధిలోనే కాదు, లిఫ్టు దగ్గరా పొరుగువాళ్లను తలచుకోవాలి. లోపల ఎవరైనా ఉంటే కుక్కతో ఎక్కేముందు అడగండి. చిన్నపిల్లలు జడుసుకుంటే తర్వాతి లిఫ్టుకు వెళ్లండి. "మావాడు ఏమీ చేయడండీ" అన్న మాట విని ఇంతవరకూ ఎవరి భయమూ పోలేదు. కాకిపిల్ల కాకికి ముద్దు.

ఇంకో మాట ముఖ్యంగా చెప్పాలి. మన దగ్గర చాలా ఇళ్లలో కుక్కను తిప్పేది యజమాని కాదు. వాచ్‌మన్ కొడుకో, డ్రైవరో, పని అమ్మాయో తిప్పుతారు. వాళ్ల చేతిలో గొలుసు పెడతాం, సంచి పెట్టం. ఎవరైనా నిలదీస్తే తిట్లు పడేది ఆ కుర్రాడికి. "మీ సార్‌ని పిలువు" అంటే వాడు ఏం చెప్పగలడు? తిప్పే పని వాళ్లకు అప్పగించినప్పుడు సంచులు, గ్లౌజులు, చేతులు కడుక్కోవడానికి సబ్బు మనమే ఇవ్వాలి. ఎత్తడం కూడా ఆ పనిలో భాగమని ముందే చెప్పి, దానికి తగిన డబ్బు ఇవ్వాలి. వాళ్లకు ఇష్టం లేకపోతే మనమే వెళ్లాలి. బాధ్యత మాత్రం యజమానిదే, అది జీతంతో పాటు చేతులు మారదు.

బాధపడుతున్న ఇళ్లవాళ్లకూ రెండు మాటలు. కోపంలో కుక్క మీద వేడినీళ్లు పోయడం, రాయి విసరడం చేయకండి. విషం పెట్టడం మహాపాపమే కాదు, నేరం. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద జంతువును చంపినా, విషం పెట్టినా అయిదేళ్ల దాకా జైలుశిక్ష ఉంది. కుక్కకు మీ వాకిలి ఏదో, పక్క వాకిలి ఏదో తెలియదు. మాట్లాడాల్సింది మనిషితో. అదీ నలుగురిలో కాకుండా, కుక్క కూర్చున్న క్షణంలో కాకుండా, తీరికగా ఉన్నప్పుడు. "బాబూ, మీ కుక్క రోజూ మా గేటు దగ్గరే కూర్చుంటోంది, పొద్దున్నే నేనే ఎత్తుకోవాల్సి వస్తోంది, మీరు ఒక సంచి వెంట తెచ్చుకుంటారా?" అని పెద్దావిడ నెమ్మదిగా అడిగితే కాదనేవాళ్లు తక్కువ. చాలామందికి అంతకుముందు ఎవరూ చెప్పి ఉండరు. గేటు ముందు చోటును సబ్బునీళ్లతో బాగా కడిగి ఆ పాత వాసన పోగొట్టండి. నీలిరంగు సీసా కంటే అది నయం.

అడిగించుకున్నవాళ్లు కూడా ఆ మాటను అవమానంగా తీసుకోవద్దు. "క్షమించండమ్మా, ఇకనుంచి చూసుకుంటాను" అంటే గొడవ అక్కడితో పోతుంది. వాదనకు దిగి, "రోడ్డు మీ సొంతమా?" అంటే రేపటినుంచి ఆ వీధిలోని కుక్కలన్నిటికీ చెడ్డపేరు. కుక్కలున్న కుటుంబాలకు ఇల్లు అద్దెకు ఇవ్వబోమన్న బోర్డులు ఊరికే పుట్టలేదు. ఎత్తని ఒక్క యజమాని వల్ల, ఎత్తే పదిమందికి ఇల్లు దొరకకుండా పోతోంది.

కుక్కను పెంచే శ్రోతలకు నా విన్నపం ఇది. మీ ఇంట్లో గొలుసు తగిలించే మేకు ఒకటి ఉంటుంది కదా. ఈ రోజే దాని పక్కన పాత పేపర్లదో, సంచులదో ఒక కట్ట వేలాడదీయండి, ఒక నీళ్ల సీసా పెట్టండి. రేపు పొద్దున గొలుసు తీసేవాళ్లు ఎవరైనా సరే, అవి కూడా తీసుకునే గడప దాటాలని ఇంట్లో అందరికీ చెప్పండి.